ప్రభుత్వ ఆఫీసు సిస్టమ్‌లలో బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు: ఏవి ఉంచొచ్చు, ఏవి తీసేయాలి, ఎలా కట్టడి చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కలెక్టరేట్‌లో మీ సెక్షన్‌లో ఈ-ఆఫీస్ (ఫైళ్ళు నడిపే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్), ప్రభుత్వ మెయిల్, బిల్లుల పోర్టల్ అన్నీ క్రోమ్‌లోనే నడుస్తాయి. తెలుగు టైపింగ్‌కి ఒకటి, పీడీఎఫ్ సైజు తగ్గించడానికి ఒకటి, ఇంగ్లిష్ తప్పులు దిద్దడానికి ఒకటి, ప్రకటనలు ఆపడానికి ఒకటి చొప్పున ప్రతి సిస్టమ్‌లో నాలుగైదు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు, చేరాయి. అన్నీ తీసేయమని మెమో వచ్చింది. ఓటీపీతోనే లాగిన్ అవుతున్నాం, అన్నీ గూగుల్ స్టోర్‌లోవే, ఇంకా ఏం ప్రమాదం అన్నది మీ మొదటి ప్రశ్న. ఏవైనా ఉంచుకోవాలంటే ఏం చేయాలన్నది రెండోది.

తీసేయమనడం సరైన పనే. కానీ ఒకరోజు కూర్చుని అన్నీ తీసేస్తే సరిపోదు, వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చేస్తాయి. ఎందుకు వస్తాయో, ఎలా ఆపాలో కింద చెప్తాను. ముందు ప్రమాదం సంగతి.

ఇలాంటి ఎక్స్‌టెన్షన్లలో చాలావాటిని పెట్టేటప్పుడు "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా మొత్తాన్ని చదవగలదు, మార్చగలదు" అనే అర్థంలో ఒక హెచ్చరిక వస్తుంది. ఎవరూ చదవకుండానే ఒప్పుకుంటారు. దాని అర్థం అక్షరాలా అదే. మీరు ఈ-ఆఫీస్‌లో నోట్‌ఫైల్ తెరిస్తే, తెర మీద మీకు కనిపించే ప్రతి అక్షరం ఆ ఎక్స్‌టెన్షన్‌కీ కనిపిస్తుంది. మీరు టైప్ చేసేది, పంపకముందే చెరిపేసింది కూడా. పేజీలో ఉన్న అంకెను మార్చి చూపించగలదు, మీ బదులు బటన్ నొక్కగలదు.

ఓటీపీ దీన్ని ఆపదు. ఓటీపీ పని లాగిన్ దగ్గరే అయిపోతుంది. ఆ తర్వాత మీరెవరో సర్వర్‌కి చెప్పేది సెషన్ కుకీ, అంటే లాగిన్ అయ్యాక బ్రౌజర్‌లో ఉండే గుర్తింపు చీటీ లాంటిది. ఎక్స్‌టెన్షన్ మాత్రం లాగిన్ అయ్యాక తెరుచుకున్న పేజీ లోపల కూర్చుని ఉంటుంది. కుకీస్ అనే పర్మిషన్ కూడా ఉన్న ఎక్స్‌టెన్షన్ ఆ సెషన్ కుకీనే తీసి బయటికి పంపగలదు. ఆ పర్మిషన్ లేకపోయినా, మీ పేజీలోనే ఉండి మీ పేరుతో సర్వర్‌కి రిక్వెస్టులు పంపగలదు. వెబ్‌సైట్ అడ్రస్ ముందుండే హెచ్‌టీటీపీఎస్ రక్షణ కూడా ఇక్కడ అక్కరకు రాదు. ఆ రక్షణ మీ బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య దారికి మాత్రమే. ఎక్స్‌టెన్షన్ ఉండేది బ్రౌజర్ లోపల. యాంటీవైరస్ కూడా చాలాసార్లు మౌనంగానే ఉంటుంది, ఎందుకంటే అది చూసేది విడి ప్రోగ్రామ్‌ని కాదు, క్రోమ్ తన పని తాను చేసుకోవడాన్ని.

ఇక "గూగుల్ స్టోర్‌లోదే కదా" అన్న మాట. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మీరు పెట్టిన రోజు ఆ ఎక్స్‌టెన్షన్ మంచిదే అయి ఉండొచ్చు. కానీ ఎక్స్‌టెన్షన్లు మీకు చెప్పకుండా వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి. కొత్త వెర్షన్ ఇంకా పెద్ద పర్మిషన్ అడిగితే క్రోమ్ దాన్ని ఆపి మీ ఒప్పుకోలు అడుగుతుంది. అన్ని సైట్లూ చదివే పర్మిషన్ మొదటి రోజే ఇచ్చేసి ఉంటే కొత్తగా అడగాల్సింది ఏమీ ఉండదు. లోపలి కోడ్ మొత్తం మారిపోయినా మీకు ఒక్క కిటికీ కూడా తెరుచుకోదు. అంటే ఆ రోజు నమ్మినవాళ్ళనే కాదు, రేపు ఆ కోడ్ ఎవరి చేతికి పోతే వాళ్ళనీ నమ్మినట్టే.

చేతులు మారడం ఊహ కాదు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చే ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌కి 20 లక్షల మందికి పైగా వాడుకరులు ఉండేవారు. దాన్ని తయారుచేసిన వ్యక్తి 2020 జూన్‌లో వేరొకరికి అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో మాల్వేర్ ఉందని గూగుల్ స్టోర్ నుంచి తీసేసింది, వాడుతున్నవాళ్ళ బ్రౌజర్లలోనూ ఆపేసింది. మధ్యలో ఉన్న నెలల్లో వాడినవాళ్ళెవరికీ యజమాని మారినట్టు బ్రౌజర్ చెప్పలేదు.

అమ్మకపోయినా ప్రమాదమే. 2024 డిసెంబరు 24న సైబర్‌హేవెన్ అనే కంపెనీ ఉద్యోగికి, మీ ఎక్స్‌టెన్షన్ స్టోర్ నియమాలకు విరుద్ధంగా ఉంది, తీసేస్తామంటూ గూగుల్ పేరుతో నకిలీ మెయిల్ వచ్చింది. ఆ లింకు గూగుల్ సొంత అనుమతి పేజీకే తీసుకెళ్ళింది. అక్కడ "ప్రైవసీ పాలసీ ఎక్స్‌టెన్షన్" అనే పేరున్న యాప్‌కి ఆ ఉద్యోగి అనుమతి ఇచ్చాడు. అతని ఖాతాకి రెండంచెల రక్షణ ఉంది, పాస్‌వర్డ్ కూడా దొంగిలించలేదు. ఆ అనుమతితోనే దుండగులు 24.10.4 అనే వెర్షన్‌ని స్టోర్‌లోకి ఎక్కించారు. సుమారు 4 లక్షల మంది వాడే ఎక్స్‌టెన్షన్ అది. ఒక రోజుకు పైగా, క్రిస్మస్ సెలవులో, ఆ వెర్షన్ ఆటో అప్‌డేట్‌తో కంప్యూటర్లలోకి దిగి కుకీలను బయటికి పంపింది. ఆ కంపెనీ వ్యాపారమే డేటా భద్రత. వాళ్ళకే ఇలా జరిగిందంటే, ఏ ఊరివాళ్ళో తెలియని పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్‌ని ఈ-ఆఫీస్ పక్కన ఉంచుకోవడానికి సమర్థన ఏముంది?

స్టోర్‌లో కనిపించే స్టార్లు, లక్షల డౌన్‌లోడ్లు, ఫీచర్డ్ బ్యాడ్జ్ అన్నీ గతం గురించి చెప్పేవే. రేపటి వెర్షన్‌కి అవి హామీ ఇవ్వవు. ఎక్స్‌టెన్షన్లకు క్రోమ్ పెట్టిన కొత్త నియమావళి మ్యానిఫెస్ట్ వీ3 వచ్చాక బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడపడం నిషిద్ధం. మంచి మార్పే. కానీ పాడు కోడ్‌ని అప్‌డేట్‌లోనే పెట్టి పంపితే ఆ నియమం అడ్డు రాదు.

నియమాల విషయానికొస్తే, మీ మెమోలో ఏ నంబరు ఉన్నా, ఆచరణకు పనికొచ్చే పత్రం 2022 జూన్‌లో ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) ప్రభుత్వ ఉద్యోగుల కోసం ఇచ్చిన సైబర్ భద్రతా మార్గదర్శకాలు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి కూడా అవి వర్తిస్తాయి. బ్రౌజర్‌లో బయటివాళ్ళ టూల్‌బార్లు పెట్టుకోవద్దని, డౌన్‌లోడ్ మేనేజర్లను ఉదాహరణగా చూపిస్తూ అందులోనే ఉంది. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు సేవ్ చేయొద్దు, ప్రైవేటు వీపీఎన్‌లు వాడొద్దు, ప్రభుత్వ పత్రాలను పీడీఎఫ్‌గా మార్చడానికో సైజు తగ్గించడానికో బయటి వెబ్‌సైట్లకి ఎక్కించొద్దు, ప్రభుత్వ ఫైళ్ళు ప్రైవేటు క్లౌడ్‌లో పెట్టొద్దు అన్నవీ ఉన్నాయి. మీరు చెప్పిన నాలుగైదు రకాల్లో సగం ఈ వాక్యాలతోనే ఎగిరిపోతాయి. ఫైల్ సారాంశం రాసిపెట్టే ఏఐ ఎక్స్‌టెన్షన్ల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఆఫీసు పరికరాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో తన సిబ్బందికి చెప్పింది. పక్క ప్యానెల్‌లో తెరుచుకునే ఏఐ ఎక్స్‌టెన్షన్ అయితే మీరు కాపీ చేసి ఇవ్వక్కర్లేకుండానే పేజీ మొత్తం చదివేస్తుంది.

ఇప్పుడు మీ సిస్టమ్‌లలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

తెలుగు టైపింగ్ ఎక్స్‌టెన్షన్. అందరికీ అవసరమైనదీ, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. ప్రతి పేజీలో ప్రతి కీ నొక్కుడూ చూస్తే తప్ప దాని పని జరగదు. ఎవరు తయారుచేసినా ఆ అధికారం ఇవ్వక తప్పదు, కాబట్టి ఆఫీసులో వద్దు. దాని అవసరమూ లేదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్, అక్కడ తెలుగు చేర్చండి. తెలుగు పక్కన ఆప్షన్స్‌లోకి వెళ్ళి యాడ్ కీబోర్డ్ నొక్కితే తెలుగు ఫొనెటిక్ కనిపిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్ళకి మామూలు తెలుగు కీబోర్డు కూడా అక్కడే ఉంటుంది. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. అమ్మ అని రావాలంటే ఇంగ్లిష్ అక్షరాల్లో అలాగే కొట్టొచ్చు. మొదటి వారం వేగం తగ్గుతుంది, సిబ్బంది సణుగుతారు, తర్వాత సర్దుకుంటుంది.

దీనికి తోడు ఇంకొకటి. "అను" అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న ప్రొసీడింగ్స్‌ని ఇప్పుడు అన్నిచోట్లా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడానికి చాలామంది ఏదో ఒక కన్వర్టర్ సైట్‌లోనో ఎక్స్‌టెన్షన్‌లోనో మొత్తం అతికిస్తారు. లబ్ధిదారుల పేర్లు, సర్వే నంబర్లు, ఆధార్ అంకెలు అన్నీ అందులో ఉంటాయి. నెట్ అవసరం లేకుండా సిస్టమ్‌లోనే పనిచేసే కన్వర్టర్‌ని మీ జిల్లా ఇన్ఫర్మాటిక్స్ అధికారి ద్వారా పరీక్ష చేయించి, అందరికీ అదొక్కటే ఇప్పించండి.

పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్. తీసేయండి. ఇలాంటివాటిలో చాలావరకు ఫైల్‌ని తమ సర్వర్‌కి ఎక్కించి, అక్కడ మార్చి తిరిగి ఇస్తాయి. వర్డ్‌లోనూ లిబ్రే ఆఫీస్‌లోనూ పీడీఎఫ్‌గా సేవ్ చేసే సదుపాయం ఉంది. సైజు ఎక్కువ కావడానికి అసలు కారణం సాధారణంగా స్కానర్ సెట్టింగే. 600 డీపీఐ కలర్‌లో స్కాన్ చేసి తర్వాత కుదించడానికి తంటాలు పడతారు. మామూలు కాగితానికి 200 డీపీఐ, గ్రేస్కేల్ పెట్టండి, కుదించే అవసరమే రాదు.

ఇంగ్లిష్ దిద్దే ఎక్స్‌టెన్షన్, పేజీ అనువాదం చేసేది, కూపన్లు చూపించేది, స్క్రీన్‌షాట్, స్క్రీన్ రికార్డింగ్, ఉచిత వీపీఎన్: అన్నీ తీసేయాలి. దిద్దేవీ అనువదించేవీ చాలావరకు మీ వాక్యాలను బయటి సర్వర్‌కి పంపితేనే పనిచేస్తాయి. వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ అయితే మీ ట్రాఫిక్ మొత్తాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళ సర్వర్ మీదుగా తిప్పుతుంది. స్క్రీన్‌షాట్‌కి విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ చాలు.

ప్రకటనలు ఆపేది ఒక్కటే ఆలోచించాల్సిన విషయం. ప్రకటనల ద్వారా మాల్వేర్ వచ్చే మాట నిజం. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) కూడా తమ ఫెడరల్ ఆఫీసులకు ప్రకటనలు ఆపడం గురించి ఆలోచించమనే చెప్పింది. అయినా ప్రతి ఉద్యోగీ తనకు నచ్చిన బ్లాకర్ పెట్టుకోవడం సరి కాదు. మొదటి మార్గం నెట్‌వర్క్‌లోనే, వెబ్‌సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ స్థాయిలో ఆపడం. అది కుదరకపోతే ఐటీ విభాగం ఒకే ఒక్కదాన్ని ఎంచుకుని, అందరికీ అదే పెట్టి, ప్రభుత్వ సైట్లలో అది పనిచేయకుండా కట్టేయాలి. ఎలాగో కింద ఉంది.

డిజిటల్ సంతకం కోసం కొన్ని పోర్టళ్ళు ఎక్స్‌టెన్షన్ అడుగుతాయి. అది ఉంచాల్సిందే. అయితే దాని లింకును పోర్టల్ హెల్ప్ పేజీ నుంచే తెరవండి, స్టోర్‌లో పేరు వెతికి పెట్టొద్దు, ఒకే పేరుతో నకిలీలు ఉంటాయి. సంతకానికి వాడే రహస్య ప్రైవేటు కీ డాంగిల్ (సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) దాటి బయటికి రాదు, అది ధైర్యం. కానీ మీరు సంతకం పెడుతున్న పేజీలో కనిపించేది మార్చగల ఎక్స్‌టెన్షన్ పక్కనే ఉంటే, మీరు చూసి సంతకం పెట్టింది ఒకటి, సర్వర్‌కి వెళ్ళింది ఇంకొకటి కావచ్చు. పిన్ అడిగే కిటికీ డాంగిల్ సాఫ్ట్‌వేర్‌ది, బ్రౌజర్ పేజీకి బయట విడిగా తెరుచుకోవాలి. పేజీ లోపలే పెట్టెలో పిన్ అడిగితే కొట్టకండి. సంతకాలవగానే డాంగిల్ తీసి అధికారి దగ్గరే ఉంచాలి, సీపీయూకి తగిలించి భోజనానికి వెళ్ళొద్దు.

తీసేసినవి మళ్ళీ ఎందుకు వస్తాయన్న ప్రశ్నకి వద్దాం. ఆఫీస్ క్రోమ్‌లో ఎవరో సొంత జీమెయిల్‌తో సైన్ ఇన్ అయి సింక్ ఆన్ చేసి ఉంటారు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో పిల్లలు పెట్టుకున్న గేమ్ ఎక్స్‌టెన్షన్ కూడా సాయంత్రానికల్లా ఆఫీస్ సిస్టమ్‌లోకి వస్తుంది. మీరు ఆఫీసులో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఇంటికి వెళ్తాయి. కాబట్టి మొదట ఆపాల్సింది సింక్. ఆ తర్వాతే ఎక్స్‌టెన్షన్లు.

అమలు ఇలా. మీ సిస్టమ్‌లు డొమైన్‌లో ఉంటే, అంటే అన్నిటినీ ఒకే సర్వర్ నుంచి నిర్వహిస్తుంటే, ఆ సర్వర్‌లో గ్రూప్ పాలసీ (సెట్టింగులను ఒకచోట నుంచి అందరికీ విధించే విండోస్ సాధనం) వాడాలి. మండల ఆఫీసుల్లోలాగా విడివిడి సిస్టమ్‌లైతే విండోస్ ప్రోలో లోకల్ గ్రూప్ పాలసీ ఎడిటర్. గూగుల్ ఇచ్చే క్రోమ్ పాలసీ టెంప్లేట్ల జిప్ దించుకుని, క్రోమ్, గూగుల్ అనే రెండు ఏడీఎంఎక్స్ (.admx) ఫైళ్ళనూ విండోస్ ఫోల్డర్‌లోని పాలసీ డెఫినిషన్స్‌లో వేయండి. వాటి ఏడీఎంఎల్ (.adml) ఫైళ్ళు అందులోని భాష ఫోల్డర్‌లోకి వెళ్ళాలి. ఎక్కువమంది క్రోమ్ ఫైల్ ఒక్కటే వేసి గూగుల్ ఫైల్ మర్చిపోతారు. ఎడిటర్ తెరవగానే నేమ్‌స్పేస్ లేదంటూ ఎర్రర్ వస్తే కారణం అదే.

ఎక్స్‌టెన్షన్స్ విభాగంలో ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ బ్లాక్‌లిస్ట్‌లో ఒక్క నక్షత్రం గుర్తు పెట్టండి. అంటే అన్నీ నిషిద్ధం. ఇన్‌స్టాల్ అలౌలిస్ట్‌లో అనుమతించినవాటి ఐడీలు మాత్రం రాయండి. ఐడీ అంటే 32 చిన్న అక్షరాల వరుస, స్టోర్ పేజీ అడ్రస్ చివర ఉంటుంది. పేరు రాస్తే పనిచేయదు. బ్రౌజర్ సైన్ ఇన్, సింక్ పాలసీలు రెండూ ఆపేయండి. స్టోర్ నుంచి తొలగించిన ఎక్స్‌టెన్షన్లను ఆపేసే పాలసీ కూడా ఉంది, దాన్నీ ఆన్ చేయండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో gpupdate /force నడిపి, క్రోమ్ పాలసీ పేజీ (chrome://policy) తెరిచి రీలోడ్ నొక్కి, ప్రతి పాలసీ పక్కనా ఓకే ఉందో లేదో చూడండి. అప్పటికే ఉన్న నిషిద్ధ ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవే ఆగిపోతాయి, ఉద్యోగి తిరిగి ఆన్ చేయలేడు.

ఇంకో మెట్టు పైకి వెళ్ళగలిగితే ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్ అనే ఒకే పాలసీ వాడండి. ఇందులోని రన్‌టైమ్ బ్లాక్డ్ హోస్ట్స్ ప్రభుత్వ ఆఫీసుకి చాలా విలువైనది. అన్నిటికీ వర్తించే నక్షత్రం ఎంట్రీ కింద gov.in, nic.in వెబ్‌సైట్ డొమైన్లను వాటి సబ్‌డొమైన్లతో సహా రాస్తే, మీరు అనుమతించిన ఎక్స్‌టెన్షన్ కూడా ఆ సైట్ల పేజీలను చదవలేదు, మార్చలేదు. ప్రకటనల బ్లాకర్‌ని కట్టేయడం అన్నది ఇదే. ఏదైనా ఐడీకి విడిగా ఎంట్రీ రాసినప్పుడు ఈ నిషేధాన్ని అక్కడ కూడా మళ్ళీ రాయండి. సంతకం ఎక్స్‌టెన్షన్‌కి మాత్రం దాని పోర్టల్ అడ్రస్‌ని రన్‌టైమ్ అలౌడ్ హోస్ట్స్‌లో ఇవ్వాలి, లేకపోతే ఆ రోజు బిల్లులన్నీ ఆగిపోయి మీ మీదకే వస్తుంది. ఈ పాలసీ జేసన్ (JSON) అనే కోడ్ రూపంలో ఉంటుంది, ఒక్క కామా పోయినా ఎర్రర్ వస్తుంది. పైన చెప్పిన బ్లాక్‌లిస్ట్‌నీ దీన్నీ కలిపి వాడొద్దు, ఒకదాన్ని ఇంకొకటి తోసేసి అయోమయం అవుతుంది. ముందు రెండు సిస్టమ్‌లలో పెట్టి, మెయిల్, ఈ-ఆఫీస్, సంతకం, ట్రెజరీ బిల్లు నాలుగూ నడిపి చూశాకే అందరికీ పంపండి.

ఎక్కడ కన్నం మిగులుతుందో కూడా చూసుకోవాలి. క్రోమ్‌కి పెట్టిన పాలసీ ఎడ్జ్‌కి వర్తించదు. ఎడ్జ్‌కి దాని టెంప్లేట్లు వేరే, పాలసీ పేర్లు మాత్రం దాదాపు అవే. ఎడ్జ్‌లో క్రోమ్ స్టోర్ నుంచి కూడా ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు. పైగా రెండు స్టోర్లలో ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్‌కి ఐడీలు వేరుగా ఉండొచ్చు. ఫైర్‌ఫాక్స్‌కి మళ్ళీ వేరు. వాడని బ్రౌజర్లు తీసేయడమే సుఖం. పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ బ్రౌజర్ తెచ్చుకునేవాళ్ళు ఉంటారు, దానికి అప్లికేషన్ కంట్రోల్, అంటే అనుమతించిన ప్రోగ్రాములే నడిచేలా చేసే ఏర్పాటు, కావాలి. అన్నిటికంటే పెద్ద కన్నం, సిబ్బంది అందరికీ అడ్మిన్ అకౌంట్ ఉండటం. అడ్మిన్ హక్కు ఉన్నవాళ్ళు రిజిస్ట్రీలో పాలసీని తుడిచేయగలరు. రోజువారీ పనికి స్టాండర్డ్ యూజర్ అకౌంటే ఇవ్వండి.

ఒక సూక్ష్మం. మీరు ఇంకా ఏ పాలసీ పెట్టని సిస్టమ్‌లో, డొమైన్‌లోనూ లేనిదానిలో, క్రోమ్ మెనూ చివర "మీ సంస్థ నిర్వహిస్తోంది" అని కనిపిస్తూ, ఒక ఎక్స్‌టెన్షన్‌కి రిమూవ్ బటనే లేకపోతే, అది ఐటీ విభాగం పని కాకపోవచ్చు. మాల్వేర్ ఇదే పాలసీ మార్గాన్ని వాడుకుని తన ఎక్స్‌టెన్షన్‌ని బలవంతంగా పెట్టి ఉండొచ్చు. ఆ సిస్టమ్‌ని వెంటనే పక్కన పెట్టండి.

అనుమానం వచ్చినప్పుడు చాలామంది మొదట చేసేది ఎక్స్‌టెన్షన్ తీసేయడం. దానితో ఆధారం పోతుంది. వరుస ఇలా ఉండాలి: నెట్ కేబుల్ తీయండి, వైఫై ఆపండి. ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీ తెరిచి పేరు, ఐడీ, వెర్షన్, పర్మిషన్లు కనిపించేలా ఫొటో తీయండి. యూజర్ ప్రొఫైల్‌లో యాప్‌డేటా, లోకల్, గూగుల్, క్రోమ్, యూజర్ డేటా, డిఫాల్ట్, ఎక్స్‌టెన్షన్స్ వరుసలో వెళ్తే ఆ ఐడీ పేరుతో ఫోల్డర్ ఉంటుంది, దాన్ని కాపీ చేసి ఉంచండి. ఇంకో శుభ్రమైన సిస్టమ్ నుంచి మెయిల్, ఈ-ఆఫీస్ సెషన్లన్నీ లాగౌట్ చేయించి, ఆ తర్వాత పాస్‌వర్డ్‌లు మార్చండి. పాస్‌వర్డ్ మార్చి సెషన్లు రద్దు చేయకపోతే పోయిన కుకీ ఇంకా చెల్లుతూనే ఉండొచ్చు. అదే సిస్టమ్ నుంచి మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా వాళ్ళకే అందుతుంది. మీ శాఖ సమాచార భద్రతా అధికారికి, ఎన్ఐసీకి వెంటనే చెప్పండి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోగా ప్రభుత్వ సంస్థలు కూడా ఆ సంస్థకి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. పెద్దాయన ఊళ్ళో లేరు, సోమవారం చూద్దాం అనడానికి వీల్లేదు.

అనుమతుల కోసం ఈ-ఆఫీస్‌లోనే ఒక ఫైల్ తెరవండి. ఎక్స్‌టెన్షన్ పేరు, ఐడీ, తయారీదారు, అది అడిగే పర్మిషన్లు, ఏ సీటుకి ఏ పనికి కావాలో, అదే పని విండోస్‌లోనే ఎందుకు కుదరదో సూపరింటెండెంట్ రాసి పుటప్ చేయాలి. ఆఖరి గడి సరిగ్గా పూరించమంటే సగం అర్జీలు అక్కడే ఆగుతాయి. ఆరు నెలలకోసారి జాబితా తిరగేసి, యజమాని మారిందా, కొత్త పర్మిషన్ అడిగిందా, ఇంకా వాడుతున్నారా అని చూడండి. ఆ సీటులో ఉద్యోగి బదిలీ అయినప్పుడు ఆరు నెలలు ఆగక్కర్లేదు. రిలీవ్ అయిన రోజే అతని బ్రౌజర్ ప్రొఫైల్ మొత్తం తొలగించి, కొత్తగా వచ్చినవారికి ఖాళీ ప్రొఫైల్ ఇవ్వండి.